ఫోను, గోప్యత, ఓపెన్ సోర్స్, రాజకీయం: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో, కావలిలో, ఒంగోలులో పాత కంప్యూటర్లకు విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత వ్యవస్థను ఎక్కించేటప్పుడో, ఎవరికైనా ఫోను సెట్టింగులు చూపించేటప్పుడో మళ్లీ మళ్లీ వినిపించే ప్రశ్నలివి. పదిమందికి విడివిడిగా చెప్పే జవాబులను ఒకచోట రాసిపెడుతున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. గోప్యత కోసం ఎవరూ సంసారాన్ని, వ్యాపారాన్ని, బంధువులను వదులుకోనక్కరలేదు. అలాగని అడిగిన ప్రతివారి చేతిలో అన్నీ పెట్టేయనూ అక్కరలేదు. మన ఫోనులో మనమే సరిచేసుకోగలిగింది కొంత ఉంది, అది చేసుకుందాం. మిగతాది ప్రభుత్వాల దగ్గర, కంపెనీల దగ్గర ఉంది. దాని సంగతి రాజకీయంగానే తేల్చుకోవాలి.

నా దగ్గర దాచడానికి ఏమీ లేదు. గోప్యత గొడవ నాకెందుకు?

మీ అప్పు ఎంతో, మీ అమ్మాయికి వచ్చిన సంబంధం ఎందుకు తప్పిపోయిందో, మీరు ఏ డాక్టరు దగ్గరకు వెళుతున్నారో, పోయిన ఎన్నికల్లో ఎవరికి ఓటు వేశారో బజారులో నిలబడి చెప్పగలరా? అందులో తప్పు ఏమీ లేకపోయినా చెప్పరు. ఇంటిగుట్టు లంకకు చేటు అన్న సంగతి మనకు ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు.

అప్పుల యాప్‌ల వ్యవహారం చూడండి. మూడు నాలుగు వేల రూపాయల అప్పు కోసం యాప్ వేసుకున్నవాళ్లు ఫోనులోని నంబర్లన్నీ చూడటానికి అనుమతి ఇచ్చారు. కిస్తీ ఆలస్యమైతే ఆ యాప్ మనుషులు బావమరిదికి, పనిచేసే చోట యజమానికి, పిల్లల టీచరుకు ఫోన్లు చేశారు. ఫొటోలు మార్చి పంపారు. తెలుగు రాష్ట్రాల్లో ఆ అవమానం తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఎవరి దగ్గరా దాచవలసిన నేరం లేదు, ఉన్నది ఒక కాంటాక్టుల జాబితా మాత్రమే. అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్టులు, కాల్ లాగ్, ఫైళ్లు ముట్టుకోకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. ఇప్పటికీ ఏ అప్పుల యాప్ అయినా కాంటాక్టులు అడిగితే అక్కడే ఆపి, దాన్ని తీసేయండి.

చట్టపరంగా మీకు ఉన్న బలం 2017 ఆగస్టు 24న వచ్చిన పుట్టస్వామి తీర్పు. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. దాన్ని 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగం చేసింది. కాబట్టి గోప్యత కోరుకున్నవాడు ఏదో తప్పు చేసి ఉంటాడని ఎవరైనా అంటే నమ్మవద్దు.

జిరాక్స్ షాపు నంబరుకు ఆధార్ ఫొటో వాట్సాప్ చేస్తున్నాను. ప్రమాదమా?

అవును. నా దృష్టిలో మన జిల్లాల్లో గోప్యతకు అన్నింటికన్నా పెద్ద చిల్లు ఇదే. విదేశీ గూఢచారుల గురించి భయపడేవాళ్లు కూడా దీన్ని పట్టించుకోరు.

స్టోన్‌హౌస్‌పేటలో అయినా, కనిగిరి బస్టాండు ఎదుట అయినా ఏ షాపుకైనా వెళ్లి తెర వైపు ఒకసారి చూడండి. వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటుంది. ఎడమవైపు పేర్లు లేని నంబర్ల వరుస. ప్రతి నంబరు వెనుక ఒక ఆధార్, ఒక పాన్, ఒక రేషన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ. ప్రింటు తీయగానే మీ పని అయిపోతుంది. ఫైలు మాత్రం డౌన్‌లోడ్స్ ఫోల్డరులో అలాగే పడి ఉంటుంది. కొన్నాళ్లకు ఆ ఫోల్డరులో వందల కుటుంబాల కాగితాలు పోగవుతాయి. ఆ కంప్యూటరుకు చాలాచోట్ల పాస్‌వర్డు ఉండదు, యాంటీవైరస్ దొంగ కాపీ. షాపులో పనిచేసే కుర్రాడు మారిపోతే ఆ ఫోను ఎవరి చేతికి పోతుందో తెలియదు. షాపువాళ్లు చెడ్డవాళ్లని నేను అనడం లేదు. పొద్దున్నుంచి రాత్రిదాకా వరుసలో నిలబడ్డ జనానికి పని చేసిపెడతారు, ఫైళ్లు తుడిచే తీరిక వాళ్లకు ఉండదు. మీరు పంపిన సందేశాన్ని "అందరికీ తొలగించు" అని నొక్కినా కంప్యూటరులోకి దిగిన ఫైలు పోదు. అది గుర్తుంచుకోండి.

మీరు చేయగలిగినవి ఇవి. ఆధార్ వెబ్‌సైటు నుంచి మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ దించుకుని, ఒప్పుకునే చోట్ల అదే ఇవ్వండి. ప్రింటు అయ్యాక మీ ఎదుటే ఫైలు తీసేయమని, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయమని మర్యాదగా అడగండి. అడిగితే ఎవరూ కాదనరు, అడిగేవాళ్లే లేరు. నకలు మీద అడ్డంగా "ఫలానా పనికి మాత్రమే" అని రాసి, తేదీ వేసి సంతకం చేయండి. ఇంట్లో నాలుగు కాపీలు ముందే తీయించి పెట్టుకుంటే ప్రతిసారీ పంపవలసిన అవసరమూ ఉండదు.

షాపు నడిపేవారికి ఒక మాట. రాత్రి షట్టరు దించేముందు డౌన్‌లోడ్స్ ఖాళీ చేయడం, వాట్సాప్‌లో వచ్చిన సంభాషణలు తుడవడం అలవాటు చేసుకోండి. లినక్స్ వాడితే ఆ ఫోల్డరును రోజూ ఒక వేళకు దానంతటదే తుడిచేలా రెండు వరుసల ఆదేశం రాసిపెట్టవచ్చు. "మీ కాగితాలు ఇక్కడ మిగలవు" అని గోడమీద ఒక కాగితం అంటించండి. మంచి పేరు వస్తుంది, బేరమూ పెరుగుతుంది.

మాస్క్‌డ్ ఆధార్ ఇస్తే ఆఫీసులో ఒప్పుకోవడం లేదు. అప్పుడు?

ఒప్పుకోనివాళ్ల తప్పు కొంతే, ఈ గందరగోళం పైనుంచే మొదలైంది. ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం 2022 మే నెలలో, ఆధార్ నకలు ఎవరికి పడితే వారికి ఇవ్వవద్దు, మాస్క్‌డ్ ఆధార్ వాడండి అని ప్రకటన ఇచ్చింది. జనం బెంబేలెత్తితే రెండు రోజుల్లో ప్రభుత్వం దాన్ని ఉపసంహరించుకుంది. మంచి సలహాను ఇలా వెనక్కి తీసుకున్నాక కింది ఉద్యోగి ఏమి నమ్మాలి?

సంక్షేమ పథకం, రేషన్, పింఛను అయితే వాదన పెట్టుకోకండి, పని చేయించుకోండి. లాడ్జి, సిమ్ కార్డు, పరుపుల కొట్టులో కిస్తీ వంటి చోట్ల డ్రైవింగ్ లైసెన్సు లేదా ఓటరు కార్డు చూపండి. ప్రైవేటు సంస్థలకు ఆధార్ వాడుకునే వీలిచ్చిన 57వ సెక్షన్ భాగాన్ని 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు కొట్టేసింది. 2019 సవరణ తర్వాత బ్యాంకులు, టెలికాం సంస్థలు ఆధార్ తీసుకోవచ్చు. అది మన ఇష్టప్రకారమే జరగాలి తప్ప బలవంతం కూడదు.

ఆధార్‌కు వేలిముద్ర తాళం వేసుకోవాలా?

వేసుకోవడం మంచిది, ఒక షరతుతో. 2018లో తెలంగాణలో ఒకచోట, రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలను నకలు చేసి సిమ్ కార్డులు క్రియాశీలం చేసిన కేసు బయటపడింది. ఆ తర్వాత అదే పద్ధతిలో ఆధార్ చెల్లింపుల ద్వారా ఖాతాల్లో డబ్బు లాగేసిన కేసులూ వచ్చాయి. పొలం రిజిస్ట్రేషన్ చేయించుకున్న ప్రతి రైతు వేలిముద్ర ఏదో ఒక దస్తావేజు మీద ఉంటుంది. ఆధార్ వెబ్‌సైటులో బయోమెట్రిక్ లాక్ వేస్తే ఆ దారి మూతపడుతుంది.

షరతు ఏమిటంటే, రేషన్‌కు, పింఛనుకు, బ్యాంకు మిత్ర దగ్గర డబ్బు తీయడానికి వేలిముద్రే వాడే పెద్దవాళ్లకు ఈ తాళం వేస్తే వాళ్ల పని ఆగిపోతుంది. ప్రతిసారీ తెరిచి మూయడానికి పక్కన ఎవరైనా ఉండాలి. మీ నాన్నకు తాళం వేసి మీరు హైదరాబాదు బస్సు ఎక్కేయకండి.

వాట్సాప్ మానేసి సిగ్నల్ అనే సందేశాల యాప్‌కు మారాలా?

మానేయమని నేను ఎవరికీ చెప్పను. విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల రైతుకు ఆనాటి కౌంట్ ధర వచ్చేది వాట్సాప్ గ్రూపులోనే. చెరువులో వైరస్ కనిపించిందన్న హెచ్చరికా అక్కడే. స్కూలు సెలవు, గ్యాస్ బుకింగు, మేనల్లుడి శుభలేఖ అన్నీ అందులోనే. ఒక్కరు బయటికి వస్తే నష్టం ఆ ఒక్కరికే, కంపెనీకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

వాట్సాప్ వాడే గుప్తీకరణ పద్ధతి, అంటే సందేశాన్ని మధ్యలో ఎవరూ చదవలేకుండా మార్చే పద్ధతి, సిగ్నల్ వాళ్లదే, 2016 నుంచి అందరికీ అమల్లో ఉంది. కాబట్టి మీ మాటలు చదవడం కంపెనీకి కుదరదు. కానీ మీరు ఎవరితో, ఎప్పుడు, ఎంత తరచుగా మాట్లాడుతున్నారు, ఏ గ్రూపుల్లో ఉన్నారు అన్నది దానికి తెలుస్తుంది. 2021లో తెచ్చిన గోప్యతా విధానాన్ని, మాతృసంస్థ మెటాతో సమాచారం పంచుకోవడాన్ని జనం మీద రుద్దినందుకు కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో మెటాకు 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ తగాదా మీ మాటల గురించి కాదు, మీ మాటల చుట్టూ ఉన్న ఈ సమాచారం గురించి.

వాట్సాప్‌లో ఉంటూనే నాలుగు పనులు చేయండి. చాట్ బ్యాకప్‌లో గుప్తీకరించిన బ్యాకప్‌ను ఆన్ చేయండి. లేకపోతే ఫోనులో భద్రంగా ఉన్న మాటలే గూగుల్ డ్రైవులో ఆ రక్షణ లేకుండా ఉంటాయి. చాలామందికి తెలియని సంగతి ఇదే. రెండంచెల పిన్ పెట్టుకోండి. గ్రూపుల్లో ఎవరు పడితే వారు చేర్చకుండా "నా కాంటాక్టులు మాత్రమే" అని మార్చండి. లింక్డ్ డివైసెస్ అన్నచోట మీకు తెలియని కంప్యూటరు కనిపిస్తే వెంటనే తీసేయండి.

సిగ్నల్‌ను మనసులోని మాటలకు ఉంచుకోండి. డాక్టరు రిపోర్టులు, ఆస్తి పంపకాలు, సంఘం పనులు, విలేకరితో సంభాషణ. భార్యాభర్తలు, ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి ఒకేసారి వేసుకుంటే నిలుస్తుంది, ఒక్కరే వేసుకుంటే వారం రోజుల్లో మరిచిపోతారు. ఖాతా తెరవడానికి ఫోను నంబరు కావాలి, కానీ 2024 నుంచి దాన్ని ఎదుటివారికి చూపకుండా యూజర్‌నేమ్‌తో మాట్లాడవచ్చు.

టెలిగ్రామ్ భద్రమే కదా?

కాదు. మామూలు సంభాషణలకు, పంపినవారు, అందుకున్నవారు తప్ప ఎవరూ చదవలేని గుప్తీకరణ ఉండదు. "సీక్రెట్ చాట్" విడిగా తెరవాలి, గ్రూపులకు అదీ లేదు. ఉద్యోగ నోటిఫికేషన్ల కోసం, పాఠాల పీడీఎఫ్‌ల కోసం వాడుకోండి, రహస్యాలకు వద్దు.

ఓపెన్ సోర్స్ అంటే అందరికీ కనిపించే కోడు. దొంగకూ కనిపిస్తుంది కదా? నమ్మడం ఎలా?

మంచి ప్రశ్న. దీనికి 2024 మార్చి 29న బయటపడిన సంగతి చెబుతాను. లినక్స్ యంత్రాల్లో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న సాధనం ఉంది. దాన్ని ఏళ్ల తరబడి దాదాపు ఒక్కడే, జీతం లేకుండా చూసుకునేవాడు. "జియా టాన్" అన్న పేరుతో ఎవరో వచ్చి, రెండేళ్లకు పైగా ఓపికగా సాయం చేస్తూ నమ్మకం సంపాదించి, చివరికి దొంగదారి పెట్టారు. అది ఎవరో నేటికీ లోకానికి తెలియదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తన యంత్రంలోకి లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. ఎందుకని తవ్వుకుంటూ పోయి దొంగదారి పట్టుకున్నాడు. అది ప్రపంచమంతా పాకేలోపే ఆగింది.

ఈ సంగతికి రెండు వైపులున్నాయి. కోడు తెరిచి ఉన్నందువల్లే బయటి మనిషి ఒకడు ఎవరి అనుమతీ అడగకుండా మొదలంటా తవ్వగలిగాడు. అదే సమయంలో, తెరిచి ఉన్నంత మాత్రాన ఎవరో చదువుతున్నారని అనుకోవడానికి లేదు. లక్షల యంత్రాలు ఆధారపడిన పనిని అలసిపోయిన ఒక్క మనిషి మీద వదిలేశారు. కాబట్టి నమ్మకానికి నేను చూసేవి: ఎంతమంది ఆ పనిలో ఉన్నారు, చివరి మార్పు ఎప్పుడు జరిగింది, దోషం బయటపడితే ఎంత త్వరగా దిద్దారు, ఆ మనుషులకు బతుకుతెరువు ఎక్కడిది. ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్, వీఎల్‌సీ, సిగ్నల్, లినక్స్ మింట్ ఈ పరీక్షలో నెగ్గుతాయి. ఊరూపేరూ లేని యాప్ "ఓపెన్ సోర్స్" అని బోర్డు పెట్టుకున్నంత మాత్రాన నెగ్గదు.

మా షాపు కంప్యూటరులో విండోస్ 10 ఉంది. లినక్స్‌కు మారవచ్చా?

విండోస్ 10కు ఉచిత భద్రతా మార్పులు 2025 అక్టోబరు 14తో సాధారణంగా ఆగిపోయాయి. పాత యంత్రాలు చాలావరకు విండోస్ 11కు పనికిరావు. వాటిని చెత్తకుప్పకు పంపనక్కరలేదు. నాలుగు జీబీల ర్యామ్ ఉంటే లినక్స్ మింట్, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రకం, హాయిగా నడుస్తుంది. బ్రౌజరు, ఉత్తరాలు, లెక్కల పట్టికలు, సినిమాలు, ప్రింటరు, ఏ ఇబ్బందీ ఉండదు. ముందు పెన్‌డ్రైవు నుంచి నడిపి చూడండి, నచ్చితేనే ఎక్కించండి.

ఇబ్బంది ఎక్కడుందో కూడా చెప్పాలి. వ్యాపార లెక్కల ట్యాలీ లినక్స్ మీద నేరుగా నడవదు. డిజిటల్ సంతకం టోకెన్లు కొన్ని మొరాయిస్తాయి. అన్నింటికన్నా కష్టమైనది మన డీటీపీ వాళ్లది. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు ఏళ్ల తరబడి పేజ్‌మేకరులో అను ఫాంట్లతో చేశారు. ఆ ఫాంట్లు యూనికోడ్ (అన్ని యంత్రాలకూ ఒకటే అయిన అక్షర సంకేతాల పద్ధతి) కావు. అను ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిషు అక్షరాల చిందరవందర కనిపిస్తుంది. బాపట్ల వైపు నుంచో, పొదిలి నుంచో రాజకీయ పార్టీ మనిషి పాత కరపత్రం ఫైలు తెచ్చి "పేరు మార్చి ఇవ్వండి" అంటే అక్కడ లినక్స్ ఏమీ చేయలేదు. అలాంటి షాపులో ఒక యంత్రం పాతది ఉంచండి, దానికి ఇంటర్నెట్ తీగ తీసేయండి. కొత్త పనులు యూనికోడ్‌లో మొదలుపెట్టండి. సిలికానాంధ్ర స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేసిన సురన్న, గిడుగు, రామభద్ర, పెద్దన వంటి ఫాంట్లు ఉన్నాయి. శుభలేఖకు, శీర్షికకు చక్కగా నప్పుతాయి, డబ్బు కట్టనక్కరలేదు, పదేళ్ల తర్వాత కూడా ఏ యంత్రంలోనైనా తెరుచుకుంటాయి. నాకు లినక్స్ మీద ఎంత ప్రేమ ఉన్నా, ఒకరి అన్నం మీద దాన్ని రుద్దను.

ఫోనులో గూగుల్ తీసేసి వేరే ఆండ్రాయిడ్ వేసుకుంటే?

వేసుకోవచ్చు, లీనియేజ్ వంటివి ఉన్నాయి. కానీ బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు కొన్ని అలాంటి ఫోనులో తెరుచుకోవు. టీ కొట్టు దగ్గర కూడా స్కానరే దిక్కయిన రోజుల్లో అది చిన్న ఇబ్బంది కాదు. చెల్లింపులకు మామూలు ఫోను ఉంచుకుని, ఇంట్లో మూలపడిన పాత ఫోనులో ఈ ప్రయోగం చేయండి. రెండో ఫోను లేనివారు ఉన్న ఫోనులోనే ఓపెన్ సోర్స్ యాప్‌లు దొరికే ఎఫ్-డ్రాయిడ్ నుంచి యాప్‌లు దించుకుని, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులో ప్రకటనలను అడ్డుకునే యూబ్లాక్ ఆరిజిన్ చేర్చుకుంటే ప్రకటనల నిఘా చాలావరకు తగ్గుతుంది.

యూపీఐ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మీ ఫోను నంబరే యూపీఐ ఐడీగా ఉంటే దాన్ని మార్చి వేరే పేరు పెట్టుకునే వీలు చాలా యాప్‌లలో ఉంది. మహిళలు తప్పక చేసుకోవలసిన పని ఇది. ఇక మందుల షాపులో, ఆస్పత్రిలో నోట్లు ఇవ్వడం సిగ్గుపడవలసిన పని కాదు. నోటుకు మీ పేరు తెలియదు.

మా ఆయన నా ఫోను పిన్ అడుగుతారు. ఇవ్వకపోతే అనుమానం. ఏమి చేయాలి?

ఈ ప్రశ్న నన్ను ఎక్కువగా బాధపెట్టేది. గోప్యత అనగానే మనం ప్రభుత్వాన్ని, అమెరికా కంపెనీలను తలుచుకుంటాం. చాలామంది ఆడవాళ్లకు నిఘా పెట్టేది ఇంట్లోవాళ్లే. గోప్యత హక్కు మనిషికి ఉంది, కుటుంబ యజమానికి కాదు. పెళ్లితో అది రద్దు కాదు.

ఇద్దరి మధ్య నమ్మకం ఉండి, మాట వినే మనిషి అయితే "మీ ఫోను నేను చూడను, నా ఫోను మీరు చూడవద్దు, అత్యవసరానికి ఇద్దరి పిన్‌లూ కవరులో పెట్టి బీరువాలో ఉంచుదాం" అని ఒప్పందానికి రావచ్చు. కొన్ని ఇళ్లలో ఇది పనిచేయడం చూశాను. అలా కాని చోట, వాట్సాప్ లింక్డ్ డివైసెస్, గూగుల్ మ్యాప్స్ లొకేషన్ షేరింగ్, సెట్టింగులలో యాక్సెసిబిలిటీ అనుమతులు ఉన్న యాప్‌ల జాబితా, ఈ మూడూ చూడండి. తెలియని యాప్ కనిపిస్తే అది నిఘా సాధనం కావచ్చు.

చేయి చేసుకునే మనిషి అయితే ఫోనులో ఏదీ హఠాత్తుగా మార్చకండి. మార్పు అతనికి తెలిసిపోతుంది, ఆ కోపం మీ మీద పడుతుంది. ముందు అమ్మ ఫోను నుంచో, స్నేహితురాలి ఫోను నుంచో 181కు మాట్లాడండి. ప్రాణభయం ఉంటే 112. ఆ తర్వాతే సెట్టింగుల సంగతి.

ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లో వస్తున్నాయి. సౌకర్యమే కదా, అభ్యంతరం దేనికి?

సౌకర్యమే. మన మిత్ర సేవను రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో మొదలుపెట్టింది. కుల ధ్రువీకరణ పత్రం కోసం ఉదయగిరి కొండల కింది పల్లె నుంచి రోజు కూలి పోగొట్టుకుని తిరిగిన మనిషికి అదెంత మేలో నాకు తెలుసు. ఆ మేలును తక్కువ చేయను.

అభ్యంతరం ఎక్కడంటే, పౌరుడికీ ప్రభుత్వానికీ మధ్య ఒక విదేశీ ప్రైవేటు కంపెనీ యాప్ ద్వారపాలకుడిగా నిలబడింది. ఏదో కారణంగా మీ వాట్సాప్ ఖాతాను కంపెనీ మూసేస్తే మీ ధ్రువీకరణ పత్రం దారీ మూసుకుపోతుంది. అక్కడ మీరు పంపేది స్నేహితుడికి కాదు, ఒక సంస్థాగత ఖాతాకు. ఆ ఖాతా నడిపేవారు, వారు నియమించుకున్న సాంకేతిక సేవాదారు అది చూడగలరు. కాబట్టి నేను కోరేది సేవ ఆపమని కాదు. అదే సేవ వెబ్‌సైటులోనూ సచివాలయంలోనూ అంతే సులభంగా దొరకాలి. ఏ సమాచారం ఎన్నాళ్లు ఉంచుతారో తెలుగులో రాసి చెప్పాలి. ఆ వ్యవస్థ కోడు బయట పెట్టాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. కేంద్రం 2020 మే నెలలో ఆరోగ్య సేతు ఆండ్రాయిడ్ యాప్ కోడు బయట పెట్టింది, అదీ బయటి నుంచి ఒత్తిడి వచ్చాకే.

మా పార్టీ వాళ్లే కదా అడుగుతున్నారు, వివరాలు ఇస్తే ఏమవుతుంది?

పార్టీ ఏదైనా నా జవాబు ఒకటే, ఇవ్వకండి. ఏ పక్షమూ చేతులు కడుక్కోవడానికి వీల్లేని వ్యవహారం ఇది. 2019 మార్చిలో తెలుగుదేశం పార్టీ సేవామిత్ర యాప్ చేసిన సంస్థ మీద ఓటర్ల వివరాల విషయమై హైదరాబాదులో కేసు నమోదైంది. పార్టీ ఆరోపణలను ఖండించింది. అదే ఏడాది ఆగస్టు 15న వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం సుమారు 50 ఇళ్లకొకరు చొప్పున వాలంటీర్లను పెట్టింది. వారు సేకరించే సమాచారం ఎక్కడికి పోతోందని 2023 జులైలో పవన్ కల్యాణ్ ప్రశ్నిస్తే, ఆ ప్రభుత్వం ఖండించింది. 2019 ఎన్నికల ముందు ఓట్లు తీసేయమంటూ రాష్ట్రంలో లక్షల సంఖ్యలో ఫారం 7 దరఖాస్తులు ఆన్‌లైనులో పడ్డాయి, తమ పేరుతో దరఖాస్తు పెట్టినట్టే తెలియనివాళ్లు వాటిలో ఉన్నారు. పోలీసు కేసులయ్యాయి.

ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అన్న తగవులో మనం అసలు సంగతి మరిచిపోతున్నాం. కులం, పథకం, ఫోను నంబరు, ఓటరు కార్డు ఒకే పట్టికలో చేరితే ఆ పట్టిక ఎవరి చేతిలో ఉంటే వాళ్లకు మన మీద పెత్తనం వస్తుంది. ప్రభుత్వం మారినా పట్టిక మిగులుతుంది. ఈరోజు మీ పార్టీ కట్టిన పట్టికే రేపు ఎదుటి పార్టీకి చేరవచ్చు.

ప్రభుత్వ వెబ్‌సైట్లనుంచే కారిపోయిన సమాచారమూ తక్కువేమీ కాదు. 2017 మే నెలలో అంబర్ సిన్హా, కొడాలి శ్రీనివాస్ వెలువరించిన పరిశీలనలో, ఆధార్ సంఖ్యలు బాహాటంగా పెట్టిన నాలుగు పోర్టళ్లలో రెండు మన రాష్ట్రానివే: ఉపాధి హామీ చెల్లింపులది, చంద్రన్న బీమాది. ఉపాధి పనికి వెళ్లిన కూలీల ఖాతాల వివరాలు ఎవరైనా చూడగలిగేలా పడి ఉన్నాయి.

కొత్త చట్టం వచ్చిందిగా, అది కాపాడదా?

కొంత. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. కంపెనీ మీ సమాచారం భద్రపరచకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఇవి మంచివి.

నాకు మింగుడుపడనివి రెండు. కేంద్రం తన సంస్థలకు నోటిఫికేషనుతో మినహాయింపు ఇచ్చుకోవచ్చు. రెండోది, ఈ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చింది. ఇంతకుముందు విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే వ్యక్తిగత సమాచారమైనా ఇవ్వాలని ఆ క్లాజులోనే ఉండేది, ఇప్పుడు అది పోయింది. ప్రజాప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వవచ్చనే 8(2) మాత్రం మిగిలింది. గుత్తేదారుకు చెల్లించిన బిల్లు అడిగినా "వ్యక్తిగతం" అని తిప్పి పంపే వీలు దొరికింది. గోప్యత బలహీనుడికి కవచంగా ఉండాలి. అధికారికి తెరగా మారితే అది గోప్యత పేరుతో జరిగే అన్యాయమే.

ఓపెన్ సోర్స్ వాళ్లంతా ఒకే రాజకీయం వాళ్లా? నాకు రాజకీయాలు పడవు.

కాదు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ప్రయత్నం ప్రకటించినప్పుడు దాన్ని నైతిక విషయంగా చెప్పాడు. 1998లో ఓపెన్ సోర్స్ అన్న పేరు తెచ్చినవాళ్లు వ్యాపారులకు నచ్చేలా మాట్లాడారు. కేరళ పాఠశాలల్లో లినక్స్ నిలిచింది, కేంద్రం 2015లో ఓపెన్ సోర్స్ విధానం ప్రకటించింది, రెండింటి వెనుకా వేర్వేరు పార్టీలు ఉన్నాయి. మన దగ్గర స్వేచ్ఛ సంస్థ తెలుగులో కంప్యూటరు వాడకం కోసం ఏళ్లుగా పనిచేస్తోంది.

కానీ రాజకీయం అంటనివ్వకుండా ఇది చేయగలమని నేను అనుకోను. నెల్లూరు జిల్లా వాళ్లకు దీన్ని వేరే చెప్పనక్కరలేదు. 1991లో ఇక్కడ అక్షరదీపం పేరుతో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. రాత్రిబడిలో కూర్చున్న ఆడవాళ్లు అక్షరాలతో పాటు తమ కూలి డబ్బులు సారా దుకాణానికి ఎలా పోతున్నాయో చదివారు. దూబగుంటలో రోశమ్మ, తోటి మహిళలు దుకాణం మూయించారు. అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. వాళ్లు పార్టీ పెట్టలేదు, పలక పట్టుకున్నారు. తన చేతిలోని యంత్రం ఏమి చేస్తోందో చదవగలిగిన మనిషి కూడా అలాగే కొన్ని ప్రశ్నలు అడగకుండా ఉండలేడు. ఆ ప్రశ్నలు పంచాయతీలో అడిగినా, శాసనసభలో అడిగినా రాజకీయమే.

నాకు కోడు రాయడం రాదు, డబ్బూ ఇవ్వలేను. నేనేమి చేయగలను?

మన పల్లెలను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చేర్చండి. 2004లో మొదలైన ఈ పటం ఎవరి సొత్తూ కాదు. పెద్ద కంపెనీల పటాల్లో నెల్లూరు ట్రంక్ రోడ్డులో ప్రతి బట్టల కొట్టూ కనిపిస్తుంది. మెట్ట ప్రాంతం పల్లెల్లో ఆరోగ్య ఉపకేంద్రం, తాగునీటి ట్యాంకు, వానాకాలంలో మునిగే చప్టా కనిపించవు. వరద రోజుల్లో పడవ పంపేవారికి కావలసినవి అవే.

స్ట్రీట్‌కంప్లీట్ అనే యాప్ వేసుకుంటే మీరు నిలబడ్డ చోటే చిన్న ప్రశ్నలు అడుగుతుంది: ఈ దారి మట్టిదా, సిమెంటుదా? ఈ బడి పేరేమిటి? జవాబు నొక్కితే పటంలోకి ఎక్కుతుంది. ఈ పటం మీద ఆర్గానిక్ మ్యాప్స్ అనే యాప్‌తో దారి చూసుకోవచ్చు, ఫోనుకు నెట్‌వర్క్ లేకపోయినా పనిచేస్తుంది, మీరు ఎక్కడ తిరుగుతున్నారో ఎవరికీ చెప్పదు. తెలుగు వికీపీడియాలో మీ ఊరి వ్యాసం తెరిచి, పుస్తకాధారం ఉన్న సంగతులు చేర్చడం కూడా ఇంతే సులువు.

పటంలో చేర్చేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోండి. బడి, గుడి, మసీదు, చర్చి, చెరువు, బస్సు ఆగే చోటు రాయండి. ఏ ఇల్లు ఎవరిదో, ఏ వీధిలో ఏ కులం వాళ్లు ఉంటారో రాయవద్దు. ఎవరైనా అలా రాసి ఉంటే తీసేయండి, తీసేసిన కారణం మార్పు వ్యాఖ్యలో తెలుగులోనే రాయండి.